బ్యాటరీలో దాగిన నిప్పు



వికారాబాదునుండి తాండూరునకు పోవుచు, మొన్నటి వేసవిలో ఒకనాటి మధ్యాహ్నము నేనొక యింటివద్ద ఆగితిని. యజమాని యెండనబడి వచ్చి, కాగిన బండపరుపుమీద విద్యుత్తు స్కూటరును వాకిటికి అడ్డముగా నిలిపి, వెంటనే ఛార్జింగు తీగ తగిలించుచుండెను. ప్రక్కనే కందికట్టె మోపులు. లోపల ఆయన తల్లి మంచముపై నిద్రించుచుండెను. ఆ యింటికి వాకిలి యొక్కటే. "కొంచెము చల్లారనీయుడు" అంటిని. "ఎందుకండీ?" అని ఆయన యడిగెను. దానికి సమాధానమే నేటి నా ప్రసంగము.

తడిగడ్డిని వామి వేసిన నేమగునో మీరెరుగుదురు. లోపల పుట్టిన వేడి వెలికి పోజాలక పెరిగి, తుదకు పొగ లేచును. స్కూటరులోని లిథియం అయాన్ బ్యాటరీ స్వభావమును అట్టిదే. అందు రెండు పొరల నడుమ పలుచని ప్లాస్టిక్ తెర యుండును. లోపలి వేడి ఇంచుమించు 100 డిగ్రీలకు చేరినచో అందలి రసాయనములు తమంతతామే వేడిని పుట్టించును. సుమారు 130 డిగ్రీలకు తెర కరగును, పొరలు కలిసికొనును, మంట ఒక గదినుండి మరియొక గదికి ప్రాకును. మన యెండ యొక్కటే దీనిని మండింపజాలదు. దెబ్బతిన్న బ్యాటరీ, సరిపడని ఛార్జరు దానికి తోడైనపుడే ముప్పు.

2022 ఏప్రిలులో నిజామాబాదునందు రాత్రివేళ ఇంటిలో ఛార్జింగునకు పెట్టిన బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించెను. ఆ సెప్టెంబరు 12న సికింద్రాబాదులో, విద్యుత్తు స్కూటర్ల దుకాణమున్న కట్టడపు క్రిందిభాగమున నిప్పు పుట్టగా, పైనున్న వసతిగృహములో 8 మంది అసువులు బాసిరి. పొగ మెట్లదారిన పైకెక్కుటయే వారికి మృత్యువైనది.

కావున బండిని నీడలో చల్లార్చిన పిమ్మటనే ఛార్జింగు పెట్టవలెను. పడకగదిలోను, వాకిటిలోను, గడ్డి కట్టెల చెంతను పెట్టరాదు. అందరును నిద్రించువేళ పెట్టరాదు. బండితో వచ్చిన ఛార్జరునే వాడవలెను. ఉబ్బిన బ్యాటరీని, వింతవాసన గొట్టు బ్యాటరీని ముట్టక బాగుచేయువానికి చూపవలెను. పొగ వచ్చెనా, బండిని కాపాడబోక మనుష్యులను వెలికి తెచ్చి 101కి ఫోను చేయవలెను. ఆరినట్లున్నను అది మరల రాజుకొనవచ్చును, దగ్గరకు పోరాదు.

ఇంతయు విని ఆ యజమాని తీగ నూడదీసి, బండిని వేపచెట్టు నీడకు నడిపించెను. వాకిలి తెరపియైనది. మీ యింట బండి యెక్కడ నున్నదో నేటి సాయంత్రమే చూచుకొనుడు.