పగ తీర్చడానికే పుట్టిన కూతురు

‘లేడీ స్నోబ్లడ్’ జపాన్ కామిక్. అసలు పేరు ‘షురాయుకి హిమె’. కథ కజువో కోయికెది, బొమ్మలు కజువో కమిమురావి. 1972, 73 సంవత్సరాల్లో ‘వీక్లీ ప్లేబాయ్’ అనే జపాన్ వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అది పెద్దలు చదివే పత్రిక కావడంతో నెత్తురూ శృంగారమూ కథలో ధారాళంగానే ఉంటాయి.

అయినవాళ్లను కాపాడుకోవడానికి కత్తి పట్టిన హంతకి కథలు కామిక్స్‌లో కొత్త కాదు. ఇక్కడ కాపాడుకోవడానికి ఎవరూ మిగల్లేదు. కథానాయిక యుకి పుట్టకముందే ఆ ఇల్లు నాశనమైపోయింది. తల్లి సాయో భర్తనూ కొడుకునూ ఒక ముఠా చంపేసింది. ఆ ముఠాలో ఒకణ్ణి తన చేతులతోనే చంపి సాయో జైలుకెళ్లింది. మిగిలినవాళ్ల పని పట్టడానికి ఒక బిడ్డ కావాలని జైలు కాపలాదారులకు తనను తాను అప్పగించుకుంది. ఆడపిల్లను కని కన్నుమూసింది. యుకికి వారసత్వంగా వచ్చింది ఆ పగ ఒక్కటే.

ఈ దారుణానికి కోయికె ఎంచుకున్న నేపథ్యం చరిత్రలో నిజంగా జరిగినదే. 1873లో జపాన్‌లోని మెయిజీ ప్రభుత్వం నిర్బంధ సైనిక సేవ చట్టం తెచ్చింది. ఇరవై ఏళ్లు నిండిన యువకులు మూడేళ్లు సైన్యంలో పనిచేయాలి. మినహాయింపు కావాలంటే 270 యెన్‌లు కట్టాలి. మామూలు రైతుకు అది కలలో కూడా అందని సొమ్ము. ప్రభుత్వ ప్రకటన ఈ సేవను ‘రక్తపు పన్ను’ అనడంతో నిజంగానే ఒంట్లో నెత్తురు తోడేస్తారన్న పుకారు పుట్టి పల్లెల్లో తిరుగుబాట్లు లేచాయి. కథలో ఆ ముఠా ఈ భయాన్నే సొమ్ము చేసుకుంటుంది. మినహాయింపు ఇప్పిస్తామని ఊరివాళ్ల దగ్గర డబ్బు గుంజుతుంది. తెల్లబట్టలతో ఊళ్లోకి వచ్చిన సాయో భర్తను సర్కారు మనిషిగా చూపించి చంపేస్తుంది. చదువుతున్నప్పుడు కత్తియుద్ధాల కన్నా ఈ మోసమే ఎక్కువగా కలవరపెడుతుంది.

పెరిగి పెద్దయిన యుకి డబ్బు తీసుకుని హత్యలు చేస్తూ తన శత్రువుల జాడ వెతుకుతుంది. ఆమె కత్తి గొడుగు కాడలో దాగి ఉంటుంది. నిండుగా కిమోనో కట్టుకుని గొడుగు వేసుకుని నడిచొచ్చే అమ్మాయిని ఎవరూ అనుమానించరు. కాడను లాగితే అంతవరకూ గొడుగులా ఉన్నది కత్తవుతుంది. కమిమురా గీతలో జపాన్‌ పాత చెక్క అచ్చు బొమ్మలైన ఉకియో-ఎ చిత్రాల పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. చుట్టూ ఎంత ఘోరం జరుగుతున్నా ఆమె ముఖం నిశ్చలంగానే ఉంటుంది. ఆ నిశ్చలత్వమే ఈ కామిక్‌కు ప్రాణం.

1973లో తోషియా ఫుజితా దీన్ని సినిమాగా తీశాడు. మెయికో కాజీ యుకి పాత్ర వేసింది. చిన్నారి యుకిని పీపాలో పెట్టి కొండ మీంచి దొర్లించే శిక్షణ దృశ్యం చూస్తే, బాల్యం అనేదే లేకుండా ఆమెను ఎలా తయారుచేశారో తెలుస్తుంది. యుకి చంపిన వాళ్లలో ఒకడికి కొబువే అనే కూతురుంది. తండ్రి చావుకు బదులుగా ఆమె చివర్లో యుకిని పొడుస్తుంది. ఒక కూతురి పగ ముగిసేసరికి ఇంకో కూతురు కత్తి పట్టింది. మరుసటి ఏడాదే ఈ సినిమాకు రెండో భాగమూ వచ్చింది.

క్వెంటిన్ టరాంటినో ‘కిల్ బిల్’ మొదటి భాగం (2003)లో మంచు తోటలో జరిగే పోరాటం మీద ఈ సినిమా ముద్ర ఉంది. మెయికో కాజీ పాడిన పాట కూడా అందులో వినిపిస్తుంది. ఆ తర్వాత, 2005, 2006లో, డార్క్ హార్స్ సంస్థ కామిక్‌ను నాలుగు సంపుటాలుగా ఇంగ్లీషులో తెచ్చింది.