కథలో పాత్రగా మారే ఆట

చింతామణి తాలూకాలోని కైవారమే మహాభారతంలోని ఏకచక్రపురమనీ, భీముడు బకాసురుని సంహరించినది అక్కడేననీ ఈ ప్రాంతపు విశ్వాసం. ఈ కథను అవ్వలు చెప్పగా పిల్లలు వింటారు. అయితే వినేవారే కథలోనికి ప్రవేశించి, "ఈ దినం రాక్షసునికి అన్నపు బండి ఎవరు తోలుకొనిపోవాలి?" అని తామే నిర్ణయించవలసి వస్తే? అటువంటి ఆటయే పాత్రధారణ కథాక్రీడ.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు వెలువరించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఇట్టి ఆటలకు మార్గం వేసినది. దీనికి రంగస్థలం గాని, వేషం గాని అవసరం లేదు. నలుగురైదుగురు వలయంగా కూర్చుంటే చాలును. ఒకరు కథకుడు, మిగిలినవారు తలా ఒక పాత్ర. బుర్రకథలో కథకునికి ఇరువైపులా వంతలుండి ప్రశ్నలు వేసినట్లే, ఇక్కడ కూడ కథ మాటామాటగా సాగుతుంది. భేదమొక్కటే: బుర్రకథకు ముగింపు ముందే తెలియును, ఈ ఆటలో అది కథకునికి సైతం తెలియదు.

కథకుడు సన్నివేశాన్ని వర్ణించి, "నీవేమి చేస్తావు?" అని అడుగుతాడు. ఫలితం సందేహమైనచోట పాచికలు వేస్తారు. విన్సెంట్ బేకర్, మెగ్వే బేకర్ దంపతులు 2010లో ప్రచురించిన 'అపోకలిప్స్ వరల్డ్' పద్ధతి సులభమైనది. రెండు పాచికల మొత్తం 10 లేక అంతకు మించితే కోరిక నెరవేరును. 7 నుండి 9 వరకైతే నెరవేరును గాని ఏదో ఒక చిక్కు వచ్చును. 6 లేక అంతకు తక్కువైతే కథ ఎదురు తిరుగును. పాచికలు పడే 36 విధాలలో మొదటిదానికి 6, తక్కిన రెండింటికి 15 చొప్పున అవకాశాలున్నవి. పాచికలు లేనివారు 1 నుండి 6 వరకు అంకెలు వ్రాసిన చీటీలు రెండు డబ్బాలలో వేసి, ఒక్కొక్కటి తీసి మరల వేయవచ్చును.

ఉదాహరణకు, వంతు వచ్చిన ఇంటి కూతురి పాత్ర ధరించిన బాలిక రాత్రి ఎవరికీ తెలియకుండ బయలుదేరాలనుకొన్నది. 8 పడినది. ఆమె గడప దాటినది. కాని తమ్ముడు మేల్కొని వెంటబడినాడు. ఇప్పుడు వానినేమి చేయాలి? ఓటమి కూడ కథను ఆపరాదు, మలుపు త్రిప్పవలెను.

కథకుడు ముగింపును సిద్ధం చేసుకొనరాదు. పాత్రలను, వారి కోరికలను మాత్రమే సిద్ధం చేసుకొనవలెను. బిడియపడే బిడ్డను పేరుతో పిలిచి అడుగవలెను. ఏ విషయాలు వద్దో ఆటకు ముందే అందరినీ అడిగి తెలిసికొనవలెను. ఎవరైన భయపడినచో ఆటను వెంటనే నిలుపవలెను.

బాగేపల్లి, చింతామణి పల్లెలలో ఎందరో పిల్లలకు ఇంటిలో తెలుగు, బడిలో కన్నడం. తెలుగు మాట్లాడగలిగినా వ్రాయలేనివారు అనేకులు. ఇంటి మాట సంతలో బేరానికి, అమ్మ పిలుపుకు మాత్రమే పరిమితమైతే, అవ్వ చెప్పిన కథలోని పదాలు ఒక తరంలోనే మాసిపోవును. ఈ ఆటలో అవ్వ పాత్ర తెలుగులోను, అమల్దారు పాత్ర కన్నడంలోను మాట్లాడవచ్చును. కైవార తాతయ్య రెండు భాషలలోను రచనలు చేసిన నేల యిది. ఒకటి నేర్చుటకు మరొకటి విడువనక్కరలేదు. ఆట నడుమ పిల్లల ఉచ్చారణను దిద్దరాదు. ముగిసిన పిమ్మట జరిగిన కథను ఒకరు పాత నోటుపుస్తకంలో తెలుగున నాలుగు వాక్యాలు వ్రాయవలెను. వ్రాయలేనివారు చెప్పగా పెద్దలు వ్రాయవచ్చును. మరుసటి ఆదివారం సంగటి తిన్న తరువాత ఆ పుటను చదివి, అక్కడినుండియే కథను తిరిగి మొదలుపెట్టవచ్చును.