బాలామృతం ప్యాకెట్, 16 గుడ్లు: ఏడాది దాటిన బిడ్డకు ఇంట్లో ఏం వండి పెట్టాలి?

అంగన్‌వాడీ కేంద్రం నుంచి ప్రతి నెలా మీ ఇంటికి రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్, 16 కోడిగుడ్లు వస్తాయి. తెలంగాణలో 7 నెలల నుంచి 3 ఏళ్ల లోపు పిల్లలకు ఇచ్చే టేక్ హోమ్ రేషన్ ఇదే. దీనికి ఒక్క రూపాయి కట్టాల్సిన పని లేదు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ఇది మీ బిడ్డ హక్కు.

రేషన్ ఇంటికి చేరితే సగం పని అయినట్టే. మిగతా సగం మీ వంటింట్లో ఉంది. ఒకే ప్యాకెట్ తీసుకున్న ఇద్దరు పిల్లల్లో ఒకరి బరువు పెరుగుతుంది, ఇంకొకరిది మూడు నెలలైనా అక్కడే ఉంటుంది. చాలాసార్లు తేడా రెండు విషయాల్లో కనిపిస్తుంది. ప్యాకెట్ ఎవరు తింటున్నారు? ఎంత పలుచగా కలుపుతున్నారు?

100 గ్రాములు అంటే ఎంత?

బాలామృతంలో వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి. ఇనుము, కాల్షియం, విటమిన్లు కూడా కలిపి ఉంటాయి. రోజుకు 100 గ్రాముల చొప్పున 25 రోజులకు సరిపోయేలా రెండున్నర కిలోలు ఇస్తారు. ఆ 100 గ్రాముల్లో 400 కేలరీలకు పైగానే శక్తి ఉంటుంది. ఏడాది దాటిన బిడ్డకు తల్లిపాలు కాకుండా తిండి నుంచి రోజుకు దాదాపు 550 కేలరీలు కావాలి. అంటే ప్యాకెట్ ఒక్కటే సరిపోదు, అలాగని చిన్న విషయమూ కాదు.

ప్యాకెట్ తెచ్చిన రోజే ఒక పని చేయండి. దగ్గర్లోని కిరాణా కొట్టులో 100 గ్రాములు తూకం వేయించండి. ఆ పిండి మీ ఇంట్లో చాయ్ తాగే గ్లాసులో ఎంతవరకు వస్తుందో చూసి, గ్లాసు మీద గుర్తు పెట్టుకోండి. ఇక రోజూ తూకం అక్కర్లేదు, ఆ గుర్తు వరకు పిండి ఆ రోజు బిడ్డ కడుపులోకి వెళ్తే చాలు. ఒక్క పూటలోనే కాదు, రెండు మూడు సార్లుగా పెట్టండి.

రుచిగా ఉంటుంది కాబట్టి పెద్ద పిల్లలు అడుగుతారు. స్కూల్ నుంచి వచ్చిన అన్నకు, అక్కకు ఒక లడ్డూ ఇస్తే ఏమవుతుంది అనిపిస్తుంది. రోజూ అలా పోతే 25 రోజుల పిండి పది, పన్నెండు రోజుల్లో అయిపోతుంది. పెద్ద పిల్లలకు పల్లీపట్టీ చేసి పెట్టండి, ఈ డబ్బా మాత్రం చిన్నబిడ్డది. పిండిని మూత గట్టిగా ఉండే స్టీలు డబ్బాలో పోసి, పొడి చెంచాతోనే తీయండి. ప్యాకెట్ చిరిగి ఉన్నా, పురుగు పట్టినా, ముక్క వాసన వస్తున్నా, తేదీ దాటినా తీసుకోవద్దు. అక్కడే టీచర్‌కు చూపించి వేరేది అడగండి.

పలుచగా పెడితే అరుగుతుందా?

"చిన్న పిల్ల, గట్టిగ పెడితే అరగది, జావ లెక్క పోయండి" అని ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ ఏడాది బిడ్డ పొట్ట చిన్నది. గ్లాసు నీళ్లలో ఒక చెంచా పిండి కలిపి తాగిస్తే పొట్ట నీళ్లతో నిండిపోతుంది. బిడ్డ ఇక వద్దంటుంది. మనం "కడుపు నిండింది" అనుకుంటాం. అందిన బలం మాత్రం ఒక చెంచా పిండిదే.

దీనికి చెంచా పరీక్ష ఉంది. కలిపిన తిండిని చెంచాతో తీసి, చెంచాను కొంచెం వంచండి. నీళ్లలా జారిపోతే పలుచగా ఉన్నట్టు. చెంచాను పట్టుకుని, మెల్లగా జారితే సరిగ్గా ఉన్నట్టు. పప్పు కట్టు, చారు, అన్నం గంజి, పలుచటి అంబలి ఈ పరీక్షలో నిలవవు. పప్పులో బలం పైన తేరిన కట్టులో కాదు, అడుగున ఉన్న పప్పులో ఉంటుంది. గరిటె అడుగు దాకా పెట్టి తీయండి.

బాలామృతం కలపడానికి నీళ్లు మరగబెట్టి కొంచెం చల్లార్చండి. గిన్నెలో ముందు పిండి వేసి, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు లేకుండా కలపండి. నీళ్లలో పిండి వేస్తే ఎప్పుడూ పలుచగానే అవుతుంది, పిండిలో నీళ్లు పోస్తే ఆపాల్సిన చోటు తెలుస్తుంది. కలిపేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి, బిడ్డ చేతులు కూడా కడగండి. కలిపినది మిగిలితే సాయంత్రానికి దాచొద్దు.

రోజూ అదే అయితే పిల్లలు తినరు. వేరేగా ఏం చేయొచ్చు?

బాలామృతంలో చక్కెర ముందే ఉంటుంది. కాబట్టి వీటిలో దేనికీ చక్కెర గానీ బెల్లం గానీ కలపకండి. తీపి ఎక్కువ అలవాటైన బిడ్డ అన్నం, కూర తినడానికి మొండికేస్తుంది.

అన్నిటికంటే సులువైనది అరటిపండుతో. బాగా పండిన అరటిపండు సగం గిన్నెలో మెత్తగా నలిపి, నాలుగు చెంచాల బాలామృతం, రెండు చెంచాల గోరువెచ్చని పాలు వేసి కలపాలి. పొయ్యి వెలిగించాల్సిన పని కూడా లేదు. సీతాఫలం కాలంలో గింజలు తీసిన గుజ్జుతో, మిగతా రోజుల్లో బొప్పాయితో ఇలాగే చేయొచ్చు.

లడ్డూకు అర గ్లాసు బాలామృతాన్ని సన్న మంట మీద రెండు నిమిషాలు వేడి చేయండి. ఒక చెంచా నెయ్యి, ఒక చెంచా వేయించిన పల్లీల పొడి వేసి, ఉండ కట్టేంత వరకు మాత్రమే పాలు చల్లండి. ఉసిరికాయంత ఉండలు చేయండి. మెత్తగా, నొక్కితే విడిపోయేలా ఉండాలి. గట్టి ఉండలైతే గొంతుకు అడ్డం పడతాయి. పాలు కలిపినవి కాబట్టి ఆ రోజుకే.

రొట్టె చేయాలంటే ఒక గుప్పెడు బాలామృతం, ఒక గుప్పెడు గోధుమపిండి లేదా జొన్నపిండి, సన్నగా తరిగిన పాలకూర కొంచెం కలిపి వేడినీళ్లతో తడపండి. చక్కెర ఉన్నందువల్ల పెనం మీద తొందరగా మాడుతుంది, మంట తగ్గించి చిన్న రొట్టెలుగా కాల్చండి. ఏడాదిన్నర బిడ్డ ముక్కలు చేసిస్తే చేత్తో పట్టుకుని తింటుంది, అంతకంటే చిన్నబిడ్డకు పాలల్లో నానబెట్టి పెట్టాలి. దోసెల పిండి ఉన్న రోజు, బిడ్డ కోసం తీసిన గరిటెడు పిండిలో రెండు చెంచాల బాలామృతం కలిపి ఊతప్పంలా వేస్తే సరి, వేరే వంట అక్కర్లేదు.

ఇంటి కుండలోంచి బిడ్డ గిన్నెలోకి

బాలామృతం ఉంది కదా అని ఇంటి తిండి ఆపొద్దు. 1 నుంచి 2 ఏళ్ల బిడ్డకు రోజుకు మూడు నాలుగు సార్లు తిండి, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి కావాలి. ఒక్కో పూటకు పావు లీటరు పట్టే గిన్నెలో ముప్పావు వంతు, ఆ తర్వాత మెల్లగా గిన్నె నిండా. రెండేళ్ల వరకు, ఇంకా ఇవ్వగలిగితే ఆపైన కూడా తల్లిపాలు ఇవ్వండి. 7, 8 నెలల బిడ్డకైతే రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, సగం గిన్నె దాకా పెంచుకుంటూ పోతే చాలు.

బిడ్డకు వేరే వంట చేసే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే ఇంటిల్లిపాదికీ వండేదాంట్లోనే, కారం వేయకముందు, బిడ్డ వంతు పక్కకు తీయండి. ఉడికిన పప్పు తాలింపుకు ముందు రెండు గరిటెలు, మెత్తటి అన్నం, ఒక చెంచా నూనె లేదా నెయ్యి. చేత్తో మెదిపితే బువ్వ సిద్ధం. ఆ ఒక్క చెంచా నూనెలో 45 కేలరీలు ఉన్నాయి, చిన్న పొట్టకు అది చిన్న లెక్క కాదు. ఆలుగడ్డ, సొరకాయ, క్యారెట్, గుమ్మడికాయ ఏది వండినా రెండు ముక్కలు ఉడకగానే తీసి ఇందులో నలపండి. తోటకూర, పాలకూర, మునగాకు పప్పులోనే ఉడికించండి. పైన నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. చాయ్ దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది, ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. పిల్లలకు చాయ్ ఒక్క గుక్క కూడా వద్దు. చాయ్‌లో బిస్కెట్ ముంచి పెట్టడం కూడా అంతే.

వానాకాలంలో, జొరం వచ్చి తగ్గిన రోజుల్లో కిచిడీ బాగుంటుంది. రెండు వంతుల బియ్యం, ఒక వంతు పెసరపప్పు, చిటికెడు పసుపు, ఒక టమాట. కుక్కర్‌లో మామూలు కంటే రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి. తైదల పిండి ఉంటే జావ కాకుండా మెత్తటి సంకటిలా చేసి, పెరుగు కలిపి పెట్టండి.

16 గుడ్లు

ఇవీ చిన్నబిడ్డవే. నెలకు 16 అంటే రోజు విడిచి రోజు ఒకటి. పూర్తిగా ఉడికించాలి, పచ్చసొన జారేలా ఉండొద్దు. పచ్చసొన తీసేసి తెల్లసొన మాత్రం పెట్టేవాళ్లున్నారు, అవసరం లేదు, రెండూ పెట్టండి. ఏడాది బిడ్డకు పొడిగా ఉన్న పచ్చసొన గొంతులో పట్టుకుంటుంది కాబట్టి అన్నంలోనో పెరుగులోనో నలిపి కలపండి. ఒక్కసారే తినలేకపోతే పొద్దున సగం, పదకొండు గంటలకు సగం. గుడ్లు ఇంటికి తెచ్చాక అనుమానం ఉంటే గిన్నెడు నీళ్లలో వేయండి. పైకి తేలిన గుడ్డు వాడొద్దు.

పొలం పనికి, కూలికి పోయే తల్లులు

పగలంతా బిడ్డ అవ్వ దగ్గరో, నానమ్మ దగ్గరో ఉంటే అసలు సమస్య మధ్యాహ్నం చిరుతిండి. చేతికి ఏదీ అందకపోతే కొట్టుకు పోయి ఐదు రూపాయల ప్యాకెట్ కొనిస్తారు. అందులో ఉప్పు, నూనె, గాలి తప్ప పెద్దగా ఏమీ ఉండదు. అది తిన్న బిడ్డ సాయంత్రం అన్నం ముట్టదు.

పొద్దున వంట చేసేటప్పుడే ఒక కందగడ్డ, అంటే చిలగడదుంప, కుక్కర్‌లో వేసేయండి. తొక్క తీసి ముక్కలు చేసి మూత పెట్టి పోతే మధ్యాహ్నం వరకు బాగుంటుంది. నీళ్లు చల్లి మెత్తబరచిన అటుకుల్లో పెరుగు కలిపి పెట్టడం అవ్వకు కూడా సులువే. బాలామృతం లడ్డూలు రెండు, ఒక అరటిపండు పెట్టి, "అత్తమ్మా, ఈ రెండు ఉండలు పిల్లవే, పదకొండు గంటలకు ఒకటి, మూడు గంటలకు ఒకటి పెట్టు" అని టైం చెప్పి వెళ్లండి. "ఆకలైతే పెట్టు" అంటే ఆ పూట తప్పిపోవచ్చు.

మూడేళ్ల లోపు పిల్లల చేతికి పల్లీలు, పుట్నాలు, వేయించిన బఠానీలు గింజలుగా ఇవ్వొద్దు. ఊపిరి గొట్టంలో పడితే ప్రాణం మీదికి వస్తుంది. పొడి కొట్టి కలపండి. ద్రాక్షపండ్లు నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. తేనె ఏడాది లోపు బిడ్డ నాలుకకు రాయడం కూడా వద్దు.

"మా బాబు తింటలేడు టీచర్"

ముందు చూడాల్సింది, తిండికి ముందు ఏం తాగాడు అని. సీసా నిండా పాలు తాగిన బిడ్డకు ఆకలి ఉండదు. పాలు తిండి తర్వాత, గ్లాసుతో. బిడ్డకంటూ ఒక గిన్నె పెట్టండి, అప్పుడు ఎంత తిన్నాడో మీకు తెలుస్తుంది. అందరితో కూర్చోబెట్టి, వాడి చేతికీ ఒక ముద్ద ఇవ్వండి, పారబోసుకున్నా పర్వాలేదు. ముక్కు మూసి, కాళ్ల మధ్య అదిమిపెట్టి మింగించొద్దు. ఫోన్ చూపిస్తే నోరు తెరుస్తాడు నిజమే, కానీ కడుపు నిండిందో లేదో వాడికే తెలియకుండా పోతుంది. కొత్త కూర ఒకసారి ఉమ్మేస్తే అది ఇష్టం లేదని కాదు, రెండు రోజులాగి మళ్లీ పెట్టండి.

జొరం, విరేచనాలు ఉన్నప్పుడు తిండి ఆపొద్దు. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. తగ్గాక రెండు వారాలు రోజుకు ఒక పూట అదనంగా పెడితే పోయిన బరువు తిరిగి వస్తుంది.

బరువు చూపించారా?

ప్రతి నెలా కేంద్రంలో బిడ్డను తూకం వేయించి, గ్రోత్ చార్టులో చుక్క ఎక్కడ పడిందో చూపించమని అడగండి. చుక్క పచ్చ రంగులో ఉన్నా, గీత పైకి పోకుండా అడ్డంగా సాగుతుంటే జాగ్రత్త పడాలి. మొదటి రెండేళ్లలో వెనకబడిన ఎదుగుదలను తర్వాత అందుకోవడం చాలా కష్టం. టీచర్ జబ్బ చుట్టూ టేపు వేసి కొలుస్తారు. 12.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే తిండి మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాలి, టీచర్ చెప్పినట్టు చేయాలి. 11.5 కంటే తక్కువ వచ్చినా, రెండు పాదాలకు నీరు చేరి వాచినా ఆలస్యం చేయకుండా ఏఎన్‌ఎంకు, డాక్టర్‌కు చూపించండి. అలాంటి పిల్లలకు పోషకాహార పునరావాస కేంద్రంలో తల్లిని కూడా ఉంచుకుని ఉచితంగా వైద్యం చేస్తారు.

పుట్టింటికి పోయినా, ఊరు మారినా

కాన్పుకో, పని కోసమో వేరే ఊరికి పోతుంటే ముందే మీ టీచర్‌కు చెప్పండి. పోషణ్ ట్రాకర్ యాప్‌లో మీ పేరు కొత్త ఊరి కేంద్రానికి మార్చే వీలుంది. రేషన్ ఇచ్చేటప్పుడు తల్లి ఫోటో, ఫోన్‌కు వచ్చే ఓటీపీ అడుగుతారు. ఆ ఓటీపీ కేంద్రంలో టీచర్‌కు ఎదురుగా మాత్రమే చెప్పండి. "బాలామృతం డబ్బులు మీ ఖాతాలో వేస్తాం, నంబర్ చెప్పండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి, ఈ పథకంలో డబ్బులు వేయడం లేదు. ప్యాకెట్ గానీ గుడ్లు గానీ లెక్క తగ్గితే ముందు టీచర్‌ను, తర్వాత సెక్టార్ సూపర్‌వైజర్‌ను అడగండి. అక్కడ తేలకపోతే పోషణ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.