ఆరోగ్య ఆర్థికశాస్త్రం – మనకు తెలియని ఓ మంచి దారి



పదో తరగతి విద్యార్థులను "ఏమవుదామనుకుంటున్నారు?" అని అడిగితే డాక్టరు, ఇంజనీరు, టీచరు, ఎస్సై అనే నాలుగు జవాబులే వస్తాయి. మన ఇళ్ళలో మనకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. ఐదో జవాబు చెప్పేవాళ్ళెవరు? ఈ హాస్టల్లో చదివి, ఇంటికి మొదటి పట్టభద్రులమై, పీజీ దాకా వచ్చిన మేము ఈ సంచిక ద్వారా అలాంటి ఒక వృత్తిని పరిచయం చేయదలిచాం. అదే ఆరోగ్య ఆర్థికవేత్త వృత్తి.

డాక్టరు రోగిని చూస్తాడు. ఆరోగ్య ఆర్థికవేత్త ఆ రోగం వల్ల ఎవరికెంత ఖర్చయింది, ఆ ఖర్చుకు ఎంత ఫలితం వచ్చింది, అదే డబ్బుతో ఇంకా ఎక్కువమందిని కాపాడవచ్చా అని చూస్తాడు.

వైద్యం అన్ని సరుకుల్లాంటిది కాదు

నరసాపురం మార్కెట్లో చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూస్తాం, బేరమాడతాం, నచ్చకపోతే పక్క గంప దగ్గరకు పోతాం. ఆసుపత్రిలో అలా కుదరదు. ఏ పరీక్ష అవసరమో, ఏది అనవసరమో మనకు తెలియదు. రాసిన చీటీ పట్టుకుని వెళ్ళవలసిందే. జబ్బు ఎప్పుడొస్తుందో ముందుగా తెలియకపోవడం, వైద్యం గురించి రోగికంటే డాక్టరుకే ఎక్కువ తెలియడం వల్ల ఇక్కడ మామూలు బజారు సూత్రాలు పనిచేయవని 1963లో అమెరికా ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో ఒక వ్యాసంలో వివరించాడు. ఈ శాస్త్రానికి ఆ వ్యాసమే పునాది అంటారు. ఆయన 1972లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

ఖర్చును ఎలా లెక్కిస్తారు?

ఒక ఉదాహరణ అనుకుందాం. చెరువుల మీద పనికి వెళ్ళే కూలీకి కాలు విరిగింది. ఆపరేషన్ ఉచితంగానే అయింది. బయట కొన్న మందులు రూ. 2,000. ఆటోలు, బస్సులు, తోడున్నవాళ్ళ భోజనాలు రూ. 3,000. రోజుకు 400 చొప్పున అతను పోగొట్టుకున్న 50 రోజుల కూలి రూ. 20,000. తోడుగా కూర్చున్న భార్య పోగొట్టుకున్న 10 రోజుల కూలి రోజుకు 300 చొప్పున రూ. 3,000. మొత్తం రూ. 28,000. ఆసుపత్రి బిల్లులో సున్నా, ఇంటి లెక్కలో ఇరవై ఎనిమిది వేలు! తెచ్చిన అప్పు మీద వడ్డీ ఇంకా కలపనేలేదు.

ఇందులో చేతి నుంచి చెల్లించిన మొదటి రెండూ ప్రత్యక్ష ఖర్చులు. పోయిన కూలి పరోక్ష ఖర్చు. తిండి ఖర్చు పోగా కుటుంబానికి మిగిలే స్తోమతలో 40 శాతానికి మించి వైద్యానికే చెల్లించవలసి వస్తే దాన్ని 'పెనుభారపు ఖర్చు'గా లెక్కించడం ఒక పద్ధతి.

మన గోదావరి ఊళ్ళలోనే ఒక పరిశోధన

ఖర్చు లెక్కకు ముందు, జనం దేనివల్ల చనిపోతున్నారో తెలియాలి. పల్లెల్లో చాలామంది ఇంటి దగ్గరే కన్నుమూస్తారు. కారణం ఏ కాగితం మీదా ఉండదు. 2003-04లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్, బైర్రాజు ఫౌండేషన్ తదితర సంస్థలు కలిసి ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు లక్షా ఎనభై వేల జనాభాలో దీన్ని పరిశీలించాయి. ఆరోగ్య కార్యకర్తలు చనిపోయినవారి ఇళ్ళకు వెళ్ళి, చివరి రోజుల్లో ఏయే లక్షణాలు కనిపించాయో అడిగి రాసుకున్నారు. దీన్ని వెర్బల్ అటాప్సీ అంటారు. ఏడాదిలో నమోదైన 1,354 మరణాల్లో 32 శాతం గుండెజబ్బు, పక్షవాతం వంటి రక్తప్రసరణ వ్యాధుల వల్ల సంభవించినవే. అంటువ్యాధుల వాటా 12 శాతం. గుండెజబ్బు పట్నంలో డబ్బున్నవాళ్ళ రోగం అనే మాట తప్పని తేలింది.

ఇక్కడే ఆర్థికవేత్త ప్రశ్న మొదలవుతుంది. ఒక్క గుండె ఆపరేషన్‌కయ్యే సొమ్ముతో ఎంతమందికి, ఎన్నేళ్ళపాటు బీపీ మాత్రలు ఇవ్వవచ్చు? ఏది ఎక్కువ ప్రాణాలు నిలుపుతుంది?

ఆరోగ్యశ్రీలో మన వాటా ఎంత?

ఆరోగ్యశ్రీ 2007లో కొన్ని జిల్లాల్లో మొదలై, విడతలవారీగా రాష్ట్రమంతా వచ్చింది. ముందు వచ్చిన జిల్లాలనూ, ఇంకా రాని జిల్లాలనూ పోల్చి చూసే అవకాశం పరిశోధకులకు దొరికింది. విక్టోరియా ఫాన్, అనూప్ కరణ్, అజయ్ మహల్ అనే ముగ్గురు ఆ పని చేసి 2012లో ఫలితాలు ప్రచురించారు. మొదటి తొమ్మిది నెలల్లోనే ఆసుపత్రిలో చేరినవారి సొంత ఖర్చు గణనీయంగా తగ్గిందని తేలింది. కానీ ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు మిగతావారికి అందినంత మేలు అందలేదని కూడా ఆ లెక్కలు చెప్పాయి.

అది తొలినాళ్ళ లెక్క. ఇప్పటి పరిస్థితిని మళ్ళీ లెక్కించాల్సిందే. కానీ కులాలవారీగా విడదీసి చూడకపోతే ఆ తేడా బయటపడేదే కాదు. పట్నం ఆసుపత్రి దూరమా, తోడు వెళ్ళే మనిషి లేకపోవడమా, కూలి పోతుందన్న భయమా? ఈ ప్రశ్నలు మనకు పుస్తకం చూడకుండానే తోస్తాయి. లెక్క కట్టే కుర్చీలో మనవాళ్ళు కూడా ఉండాలని మేము అనేది అందుకే.

ఈ దారిలో ఎలా వెళ్ళాలి?

ఇంటర్లో బైపీసీయే ఉండాలనే నియమం లేదు. ఎంపీసీ, ఎంఈసీ, సీఈసీ, హెచ్ఈసీ ఏదైనా ఫరవాలేదు. డిగ్రీలో ఎకనామిక్స్, వీలైతే స్టాటిస్టిక్స్ తీసుకోండి. ఆపై ఆంధ్రా యూనివర్సిటీలోనో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనో ఎం.ఏ. ఎకనామిక్స్ చేయవచ్చు. ప్రజారోగ్యంలో పీజీ అంటే ఎంపీహెచ్ చేయాలనుకుంటే హైదరాబాద్‌లో 2008లో ప్రారంభమైన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, తిరువనంతపురంలో అచ్యుత మీనన్ సెంటర్ ఉన్నాయి. పీహెచ్‌డీ చేసే ఎస్సీ విద్యార్థులకు 2005-06లో మొదలైన జాతీయ ఫెలోషిప్ ఉంది. విదేశాల్లో చదవడానికి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది.

మొదటి ఉద్యోగం చాలామందికి ఇంటింటికీ తిరిగి వివరాలు సేకరించే పనే. దాన్ని చిన్నచూపు చూడవద్దు. ఆ తరువాత విశ్వవిద్యాలయాలు, పరిశోధనా సంస్థలు, ప్రభుత్వ శాఖలలో అవకాశాలు వస్తాయి. కొత్త మందులు, పరికరాలు ఖర్చుకు తగినవో కాదో తేల్చేందుకు కేంద్ర ప్రభుత్వం 2017లో హెల్త్ టెక్నాలజీ అసెస్‌మెంట్ ఇన్ ఇండియా అనే వ్యవస్థను కూడా ఏర్పాటు చేసింది.

కనుక తమ్ముళ్ళూ, పదో తరగతి గణితంలో సాంఖ్యక శాస్త్రం పాఠాన్ని మార్కుల కోసమే చదివి వదిలేయకండి. సగటు అంటే ఏమిటో, సగటు వెనుక ఎవరు కనబడకుండా పోతారో ఆలోచించండి. వచ్చే సంచికల్లో ఈ దారిన నడిచిన మన హాస్టల్ విద్యార్థి వ్యాసం చదవాలని కోరుకుంటూ, అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.