ఇండియా గేటుపై లేని పేర్లు

న్యూఢిల్లీ:

రాజధానికి వచ్చిన తెలుగు యాత్రికుడెవరూ ఇండియా గేటును చూడకుండా తిరుగు రైలెక్కరు. "మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన మన సిపాయిల పేర్లన్నీ ఈ రాళ్ళపై చెక్కి ఉన్నవి" అని పెద్దలు పిల్లలకు చెప్పడం పరిపాటి. ఈ మాటలో నిజం కొంతే. 42 మీటర్ల ఎత్తున్న ఆ తోరణంపై చెక్కిన పేర్లు సుమారు 13,300. అవి ప్రధానంగా వాయవ్య సరిహద్దులోను, 1919 నాటి మూడవ ఆఫ్ఘన్ యుద్ధంలోను మరణించినవారివి. వారిలో బ్రిటిష్ వారు కూడ ఉన్నారు. ఫ్రాన్సులో, మెసపొటేమియాలో, తూర్పు ఆఫ్రికాలో, గల్లిపోలీలో నేలకొరిగిన భారతీయ సైనికులను తోరణంపైనున్న శాసనం ఒక్క వాక్యంలో స్మరించి ఊరుకున్నది. వారి పేర్లు అక్కడ లేవు.

1914-21 సంవత్సరాల మధ్య అవిభక్త భారతదేశం కోల్పోయిన సైనికులు 70 వేల పైచిలుకు. 1921 ఫిబ్రవరిలో డ్యూక్ ఆఫ్ కనాట్ శంకుస్థాపన చేయగా, 1931 ఫిబ్రవరిలో వైస్రాయి లార్డ్ ఇర్విన్ ఆవిష్కరించిన ఈ కట్టడం వారందరికీ స్మారకమే. కాని అయిదుగురిలో దాదాపు నలుగురి పేర్లు దీనిపై కనిపించవు. మరి అవి ఎక్కడ ఉన్నవి? అసలు ఉన్నవా?

ఇండియా గేటు క్రింద 1972 జనవరి 26 నుండి వెలిగిన అమర్ జవాన్ జ్యోతిని 2022 జనవరి 21న జాతీయ యుద్ధ స్మారకంలోని జ్యోతితో కలిపినప్పుడు రాజధానిలో పెద్ద వాదమే జరిగినది. ఈ తోరణంపై ఉన్నవి ఆంగ్లేయుల కొరకు పోరాడినవారి పేర్లని, ఇది వలసపాలనకు చిహ్నమని ప్రభుత్వ వర్గాలు అన్నవి. చరిత్రను చెరిపివేస్తున్నారని ప్రతిపక్షాలు ఆరోపించినవి. ఉభయ పక్షాలూ జ్యోతిని గురించి వాదించుకున్నవి గాని, ఆ సందడిలో పేర్ల సంగతి వెనుకబడినది.

ఫ్రాన్సు మట్టిలో మనవారు

భారత సేనలు మార్సేల్స్ రేవులో దిగినది 1914 సెప్టెంబరు 26న. అక్టోబరు చివరికే అవి అగ్రశ్రేణి కందకాలలో ఉన్నవి. వేసవి దుస్తులతో వచ్చిన సిపాయి ఐరోపా చలికాలాన్ని, అంతకు ముందెన్నడూ ఎరుగని ఫిరంగి యుద్ధాన్ని ఒకేసారి ఎదుర్కొన్నాడు. 1915 చివరలో పదాతి దళాలలో అధిక భాగం మెసపొటేమియాకు తరలిపోయినవి. అశ్విక దళాలు 1918 వసంతం వరకు అక్కడే ఉన్నవి. యుద్ధకాలం మొత్తం మీద ఫ్రాన్సుకు వెళ్ళిన భారతీయులు సుమారు 1,40,000 మంది. వీరిలో సుమారు 90 వేల మంది సైనికులు, తక్కినవారు శ్రామిక దళాలవారు.

1915 మార్చి 10 నుండి 13 వరకు జరిగిన నవ్ షాపెల్ పోరాటం వారి చరిత్రలో ముఖ్య ఘట్టం. యుద్ధానంతరం, మృతదేహాల జాడ తెలియని భారతీయుల కొరకు అక్కడే ఒక స్మారకాన్ని కట్టి, 1927 అక్టోబరు 7న ఆవిష్కరించారు. దాని శిల్పి సర్ హెర్బర్ట్ బేకర్, అనగా రైసినా కొండపై నార్త్ బ్లాకు, సౌత్ బ్లాకులను నిర్మించిన వ్యక్తే. ఆ గోడలపై 4,700కు పైగా పేర్లు ఉన్నవి. ఇండియా గేటుపై లేని పేర్లలో కొన్ని అక్కడ దొరుకుతవి.

వాటిలో రైఫిల్‌మన్ గబర్ సింగ్ నేగీ పేరొకటి. 39వ గఢ్వాల్ రైఫిల్స్‌కు చెందిన ఈ యువకుడు 1915 మార్చి 10న చూపిన సాహసానికి మరణానంతరం విక్టోరియా క్రాస్ లభించినది. సామ్రాజ్యంలో అత్యున్నత శౌర్య పతకం పొందినవానికే సమాధి లేదు. ఇక పతకం లేనివాని మాట చెప్పనక్కరలేదు.

ఇందుకు కారణం ఒక చిన్న బిళ్ళలో ఉన్నది. 1916 సెప్టెంబరు వరకు బ్రిటిష్ సేనలో సైనికుని మెడలో గుర్తింపు బిళ్ళ ఒక్కటే ఉండేది. మరణించిన వెంటనే, చావుకు రుజువుగా, తోటివారు దానిని తీసి కార్యాలయానికి పంపేవారు. కార్యాలయంలో పేరు నమోదయ్యేది. పొలంలో పడి ఉన్న శవం అనామకమయ్యేది. తరువాత వచ్చి పాతిపెట్టినవారికి అది ఎవరిదో తెలిసే మార్గం లేదు. ఈ లోపాన్ని గ్రహించి, ఒకటి తీసినా మరొకటి దేహంపై నిలిచేటట్లు రెండు బిళ్ళలు ఇవ్వనారంభించేనాటికి మన పదాతి దళాలు ఫ్రాన్సును విడిచి నెలలు గడచినవి.

భుజంపై మిగిలిన అంకె

ఇది గతించిన కథ అనుకోరాదు. 2016లో నవ్ షాపెల్ స్మారకానికి సమీపాన రిష్‌బూర్ గ్రామం దగ్గర మురుగు కాలువ త్రవ్వుతుండగా సైనికుల అస్థికలు బయటపడినవి. వారిలో ఇద్దరి భుజచిహ్నంపై 39 అన్న అంకె చెదరకుండా ఉన్నది. దానిని బట్టి వారు 39వ గఢ్వాల్ రైఫిల్స్ వారని తేలినది. 2017 నవంబరులో లాన్స్‌డౌన్‌లోని గఢ్వాల్ రైఫిల్స్ కేంద్రం నుండి వెళ్ళిన బృందం సమక్షంలో, లావంటీ సైనిక శ్మశానంలో వారిని సైనిక లాంఛనాలతో ఖననం చేశారు. పటాలం తెలిసినది, దేశం తెలిసినది. పేర్లు మాత్రం తెలియలేదు. నూరేళ్ళ తరువాత మట్టి ఒక అంకెను తిరిగి ఇచ్చినది గాని, ఆ అంకె నుండి మనిషిని చేరుకొనే దారి లేకపోయినది.

దారి అసాధ్యమైనదా? అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలోనే ఫ్రొమెల్ అనే గ్రామమున్నది. 1916 జూలైలో అక్కడ మరణించిన ఆస్ట్రేలియన్, బ్రిటిష్ సైనికులను జర్మనులు సామూహికంగా పూడ్చిపెట్టిన గోతులను 2008లో కనుగొన్నారు. 2009లో 250 దేహాలను వెలికితీసి, వాటి డి.ఎన్.ఎ.ను బంధువుల డి.ఎన్.ఎ.తో పోల్చి చూడగా, 170 మందికి పైగా ఆస్ట్రేలియన్లకు వారి పేర్లు తిరిగి లభించినవి. ఆస్ట్రేలియా ప్రభుత్వం వద్ద ప్రతి సైనికుని సేవా పత్రమూ, బంధువుల వివరమూ ఉన్నవి. బ్రిటన్ రక్షణ శాఖలో ఇటువంటి దేహాల ఆచూకీ తీయడానికి ఒక ప్రత్యేక విభాగమే పనిచేస్తున్నది. డి.ఎన్.ఎ. పరీక్ష ఎంత గొప్పదైనా, పోల్చి చూడడానికి ఒక మనుమడో మునిమనుమడో కావాలి. ఆ మనుమని చేరుకొనడానికి ఒక చిట్టా కావాలి. మన వద్ద కొరవడినది శాస్త్రం కాదు, చిట్టా.

మనుషులు కాదు, లెక్కలు

1917లో ఏర్పడిన యుద్ధ సమాధుల సంఘం ఒక మంచి సూత్రాన్ని ప్రకటించినది. హోదా, జాతి, మతం అన్న భేదం లేక ప్రతి మృతునికీ సమానంగా స్మారకముండాలన్నదే ఆ సూత్రం. ఐరోపాలో దానిని చాలవరకు పాటించారు. నవ్ షాపెల్ అందుకు సాక్షి. ఐరోపా దాటగానే సూత్రం సడలినది. బాస్రా స్మారకంపై అధికారుల పేర్లు చెక్కి, మామూలు సిపాయిలను పటాలానికి ఇంతమంది చొప్పున సంఖ్యగా చెక్కారు. 2021 ఏప్రిల్‌లో, నేడు కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘంగా పిలువబడుతున్న ఆ సంస్థే వేసిన కమిటీ ఈ చరిత్రను బయటపెట్టినది. ఆసియా, ఆఫ్రికాలకు చెందిన 45 వేల నుండి 54 వేల మందికి జరిగిన స్మరణ ఇతరులతో సమానమైనది కాదని, కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది వరకు, పేరుతో స్మారకం గాని అసలు ఏ స్మారకం గాని లేదని ఆ నివేదిక తేల్చినది. నాటి జాతి వివక్షే ఇందుకు మూలమని అంగీకరించినది. బ్రిటన్ రక్షణ మంత్రి బెన్ వాలెస్ కామన్స్ సభలో క్షమాపణ చెప్పారు.

ఈ తేడాను చూడడానికి బాస్రా దాకా పోనక్కరలేదు. ఢిల్లీ కంటోన్మెంటులోని బ్రార్ స్క్వేర్‌లో 1951లో ఏర్పరచిన యుద్ధ శ్మశానమున్నది. అక్కడ పచ్చిక మధ్య వరుసలు తీరిన సమాధి రాళ్ళపై సైనికుని పేరు, హోదా, పటాలం, మరణించిన తేదీ చదువవచ్చును. అక్కడి నుండి హర్యానా గ్రామాలకు పోతే మరొక రకం రాళ్ళు కనబడుతవి. ఈ గ్రామం నుండి మహాయుద్ధానికి ఇంతమంది వెళ్ళారు, వారిలో ఇంతమంది ప్రాణాలర్పించారు అని ఆ ఫలకాలపై వ్రాసి ఉంటుంది. ఊరు ఉన్నది, లెక్క ఉన్నది, పేరు లేదు. ప్రాణమిచ్చిన వాడు తన సొంత ఊరిలోనే అంకెగా మిగిలినాడు.

మన గడ్డ సంగతి

నెహ్రూ నివసించిన భవనం ముందున్న తీన్ మూర్తి చౌరస్తాను ఎరుగని పాఠకులుండరు. 1922 నాటి ఆ మూడు కంచు విగ్రహాలు హైదరాబాదు, జోధ్‌పూర్, మైసూరు సంస్థానాల అశ్విక దళాలకు ప్రతీకలు. 2018 జనవరిలో ఇజ్రాయెల్ ప్రధాని వచ్చినప్పుడు ఆ చౌరస్తాకు హైఫా పేరు జతచేశారు. 1918 సెప్టెంబరు 23న హైఫాపై దాడి చేసినవి జోధ్‌పూర్, మైసూరు దళాలు. హైదరాబాదు దళం అదే బ్రిగేడులో భాగంగా ఈజిప్టు, పాలస్తీనా రంగాలలో పనిచేసినది. నైజాం రౌతులలో తెలుగువారెందరన్నది వేరే ప్రశ్న. వారు మన నేల నుండి వెళ్ళారన్నది నిజం.

రెండు ప్రపంచ యుద్ధాలకూ బిడ్డలను పంపి, మిలిటరీ మాధవరంగా పేరుపొందిన గ్రామం తాడేపల్లిగూడెం దగ్గర ఉన్నది. మద్రాసు సాపర్లలో తెలుగువారు తరతరాలుగా పనిచేశారు. వీరి ఆచూకీ తీయబోయేవారికి మరొక చిక్కు ఎదురవుతుంది. మన పేర్లను గుమాస్తా చెవికి వినిపించిన విధంగా ఆంగ్ల లిపిలో వ్రాసుకున్నాడు. ఇంటిపేరు చేరకపోతే, ఒక అప్పలస్వామిని మరొక అప్పలస్వామి నుండి వేరు చేసేది తండ్రి పేరు, ఊరి పేరు మాత్రమే. అవి కూడ లేని చోట ఆ మనిషి కుటుంబానికి శాశ్వతంగా దూరమైనట్లే.

2018 నవంబరు 10న ఫ్రాన్సులోని విలేర్స్ గిస్లేన్‌లో భారతీయ సైనికుల కొత్త స్మారకాన్ని ఆవిష్కరించినది నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడుగారు. ఆ స్మారక నిర్మాణాన్ని చేపట్టినది ఢిల్లీలోని యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్. అంతకు ముందు 2015 ఏప్రిల్‌లో ప్రధాని మోదీ నవ్ షాపెల్‌ను దర్శించారు. పెద్దలు పుష్పగుచ్ఛాలుంచడం గౌరవప్రదమే. అయితే పేరు వెదకడం పుష్పగుచ్ఛంతో తీరే పని కాదు.

ఎవరి కొరకు చచ్చినా

సామ్రాజ్యం కొరకు కూలికి పోరాడినవారిని స్వతంత్ర భారతం ఎందుకు స్మరించాలి అన్న ప్రశ్న కొందరిలో ఉన్నది. 1918 ఏప్రిల్‌లో వైస్రాయి ఇదే ఢిల్లీలో జరిపిన యుద్ధ మహాసభకు గాంధీజీ హాజరై, సైనికుల చేరికను బలపరచారు. మరుసటి సంవత్సరమే రౌలట్ చట్టమూ, జలియన్‌వాలాబాగూ వచ్చినవి. ఆశ చూపినవారు మోసగించారు, నమ్మినవారు మోసపోయారు. ఆ అవమానం నాయకులకు మిగిలినది. సిపాయి అప్పటికే మట్టిలో ఉన్నాడు. యుద్ధం ఎవరిదైనా చావు అతనిదే. అతని పేరును విదేశీ ప్రభుత్వం అంకెగా మార్చినదని నేడు మనం నిందిస్తున్నాము. స్వదేశీ ప్రభుత్వం ఆ అంకెను అట్లే ఉంచితే ఆ నిందలో మనకూ పాలు వస్తుంది.

పని అసాధ్యం కాదనడానికి లాహోరు నిదర్శనం. అక్కడి మ్యూజియంలో పడి ఉన్న రిజిస్టర్లలో నాటి పంజాబు నుండి యుద్ధానికి వెళ్ళిన 3,20,000 మంది వివరాలు ఉన్నట్లు 2021లో వెల్లడైనది. బ్రిటన్‌లోని ఒక పంజాబీ సంఘం, గ్రీనిచ్ విశ్వవిద్యాలయం కలిసి ముందుగా మూడు జిల్లాల రికార్డులను కంప్యూటరుకెక్కించినవి. గ్రామం పేరుతో వెదకి తాతలను గుర్తించే వీలు కలిగినది. నాటి పంజాబులో నేటి హర్యానా కూడ ఉండేదని మరువరాదు.

మనకు జాతీయ అభిలేఖాలయమున్నది. పటాలాల కేంద్రాలలో పాత పత్రాలు ఉన్నవి. కేంద్రీయ సైనిక్ బోర్డు, దాని క్రింద జిల్లా జిల్లాకు సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నవి. యుద్ధ సమాధుల సంఘంలోని 6 సభ్యదేశాలలో మనదీ ఒకటి. ఖర్చులో బ్రిటన్ వాటా సుమారు 79 శాతం కాగా మనది సుమారు 1 శాతం. వాటా చిన్నదైనా సభ్యత్వం సభ్యత్వమే, అడిగే హక్కు ఉన్నది. గ్రామ ఫలకాల జాబితా తయారుచేసి, పటాలాల పత్రాలతో సరిపోల్చి, పేర్లను భారతీయ భాషల లిపులలో ప్రకటించమని రక్షణ మంత్రిని మన పార్లమెంటు సభ్యులెవరైనా అడుగవచ్చును. ఆ ప్రశ్నకు పార్టీ రంగు లేదు.

లావంటీ శ్మశానంలోని ఆ ఇద్దరు గఢ్వాలీల వారసులు నేడు ఉత్తరాఖండ్‌లో ఏ కొండ గ్రామంలోనో ఉండవచ్చును, ఢిల్లీలోనే ఉద్యోగం చేసుకుంటూ ఉండవచ్చును. తమవాడు ఎక్కడ పడి ఉన్నాడో వారికి తెలియదు. వారెవరో ప్రభుత్వానికి తెలియదు. ఈ రెండింటినీ కలుపగలిగిన కాగితాలు ఇంకా పూర్తిగా చెదపురుగుల పాలు కాకముందే ఆ పని మొదలుకావలసి ఉన్నది.