లఘు ఛాయాయంత్రములు: స్ఫుటతాలాఘవ విచారము

వ్యాకరణశాస్త్రమున లాఘవగౌరవముల విచారము ప్రసిద్ధము. అల్పాక్షరములతోఁ గార్యము నెఱవేఱుచుండఁగా నధికాక్షరములఁ బ్రయోగించుట గౌరవదోషము. అయినను లాఘవమునకుఁ గూడ నొక మేర కలదు. అర్థము సందిగ్ధమగునంతగా సంక్షేపించినచో నది లాఘవము గాదు, లోపమే. భట్టోజిదీక్షితుని సిద్ధాంతకౌముదిలో నాలుగువేలకు దగ్గఱగా నున్న సూత్రములలో నించుమించు మూఁడవవంతు మాత్రమే గ్రహించి వరదరాజు లఘుకౌముదిని గూర్చెను. శాస్త్రప్రవేశమునకు లఘుకౌముది చాలును. శాస్త్రనిర్ణయమునకు సిద్ధాంతకౌముదియే శరణ్యము. ఏది లాఘవమో, యేది లోపమో ప్రయోజనమును బట్టి నిర్ణయింపవలసినదే.

ఈ న్యాయమే చేతిసంచిలో నిముడు చిన్న డిజిటల్ కెమెరాల విషయమునను బ్రవర్తించుచున్నది. తాళపత్రప్రతులను వెదకుచు గ్రామములకుఁ బోవు పరిశోధకులకుఁ బెద్ద యంత్రసామగ్రిని గొనిపోవుట దుర్ఘటము. వారికిఁ జిన్న కెమెరాయో, సెల్లుఫోనో సాధనము. దానితోఁ దీసిన చిత్రము పాఠనిర్ణయమునకుఁ బ్రమాణము గాఁదగునా, తగినచో నెట్లు తీసినది తగును, అనునది విచార్యము. తాటియాకు శాశ్వతము గాదు. పురుగు తొలిచియో, చెమ్మ తగిలియో, యగ్నిపాలయ్యో మూలము నశించినచో నా చిత్రమే యేకసాక్షి యగును. కావున నిది యంత్రవినోదమునకు సంబంధించిన ప్రశ్న గాదు, గ్రంథరక్షణమునకు సంబంధించినది.

యంత్రస్వరూపము

డిజిటల్ కెమెరాలో లెన్సు గుండ వచ్చిన వెలుతురు సెన్సరను ఫలకముపైఁ బడును. ఆ ఫలకము లక్షలకొలఁది గడులుగా విభక్తమై యుండును. ఒక్కొక్క గడి తనపైఁ బడిన వెలుతురును విద్యుత్తుగా మార్చి లెక్క చెప్పును. ఆ లెక్కలనుండి చిత్రమునందలి బిందువు లేర్పడును. బిందువునకుఁ బిక్సెలని పేరు. పదిలక్షల పిక్సెలులు మెగాపిక్సెలు.

సాధారణపుఁ జిన్న కెమెరాలలోని సెన్సరు సుమారు 6.2 మిల్లీమీటరుల పొడవును, 4.6 మిల్లీమీటరుల వెడల్పును గలది. వైశాల్యము 28 చదరపు మిల్లీమీటరులు. మేలుతరపుఁ జిన్న కెమెరాలలో నది 13.2, 8.8 కొలతలు గలిగి 116 చదరపు మిల్లీమీటరులగును. వృత్తినిపుణులు వాడు పెద్ద కెమెరాలలో 36, 24 కొలతలతో 864 చదరపు మిల్లీమీటరులుండును. ఈ మూఁటిలో నడిమిదానికి ‘ఒక యంగుళపు సెన్సర’ని లోకవ్యవహారము. అంగుళమునకు 25.4 మిల్లీమీటరులు గదా! ఈ ఫలకమును మూలనుండి మూలకుఁ గొలిచినను 16 మిల్లీమీటరులు మించదు. పూర్వము టెలివిజను చిత్రగ్రహణమున వాడిన గాజునాళముల వెలుపలి వ్యాసమును బట్టి వచ్చిన పేరిది. నాళములు పోయినవి, పేరు నిలిచినది. కావున నిది రూఢిశబ్దమే కాని యౌగికము గాదు. అవయవార్థమును నమ్మినవారు మోసపోవుదురు.

పిక్సెలుల సంఖ్య పెరిగినకొలఁదిఁ జిత్రము స్ఫుటమగునని లోకుల నమ్మకము. అది సగమే సత్యము. ఫలకము పెరుగక గడులు మాత్రము పెరిగినచో నొక్కొక్క గడికి వచ్చు వెలుతురు తగ్గును. వెలుతురు చాలనిచోటఁ జిత్రముపై నిసుక చల్లినట్లు మచ్చలు గానవచ్చును. ఆ మచ్చలను దుడుచుటకై యంత్రము చిత్రమును నునుపు చేయును. ఆ నునుపులో మచ్చలతోఁబాటు సన్నని గీఁతలును మాసిపోవును. సంఖ్య యున్నను, సంఖ్యేయము పోయినది.

యంత్రనిర్మాతల యనుభవము

ఈ తారతమ్యమును నిర్మాతలును గుర్తెఱిఁగిరి. 1975లో నమెరికాయందుఁ గొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ నిర్మించిన తొలి డిజిటల్ కెమెరా పదివేల పిక్సెలుల చిత్రము నొకదానిని క్యాసెట్టు టేపుపై వ్రాయుటకు 23 సెకనులు తీసికొనెను. ఆనాఁడు స్ఫుటతయు లేదు, శీఘ్రతయు లేదు. తరువాతి కాలమున రెండును బెరిగినవి గాని యొకదానికై వేఱొకదానిని వదలుకొనవలసిన స్థితి తప్పలేదు.

2008లోఁ గానన్ సంస్థవారి పవర్‌షాట్ జి10 అను చిన్న కెమెరా 14.7 మెగాపిక్సెలులతో వెలువడెను. మఱుసటి యేఁడు వచ్చిన జి11లో వారే యా సంఖ్యను 10కిఁ దగ్గించిరి. ఫలకపు కొలత పెంపక గడులను మాత్రమే తగ్గించుటచే మసక వెలుతురున మచ్చ తగ్గి చిత్రము బాగుపడునని వారి యాశయము. అంకెను దగ్గించి గుణమును బెంపఁజూచుట వర్తకమున నరుదైన సాహసము.

ఆ 2008లోనే సిగ్మా సంస్థవారి డీపీ1 వెలువడెను. చిన్న కాయములో 20.7, 13.8 మిల్లీమీటరుల పెద్ద ఫలకము నమర్చిన యంత్రమది. మంచి వెలుతురున దాని చిత్రముల సూక్ష్మత ప్రశంసింపఁబడెను. కాని యొక చిత్రము తీసిన వెనుక దానిని భద్రపఱచుటకుఁ గొన్ని సెకనులు వేచియుండవలసివచ్చెడిది. మసక వెలుతురున లెన్సు మందగించెడిది. స్ఫుటతకై శీఘ్రతను బలియిచ్చినదానికి నిది యుదాహరణము. 2012లో సోనీ సంస్థవారి ఆర్ఎక్స్100 ఒక యంగుళపు సెన్సరును, 20.2 మెగాపిక్సెలులను 240 గ్రాముల బరువులో నిమిడ్చి మధ్యమమార్గమును జూపెను. పిమ్మట నిట్టి యంత్రములు పెక్కు వచ్చినవి.

లాఘవము ద్వివిధము

చిన్న కెమెరావలనఁ గలుగు లాఘవము నొకటిగా నెంచుట పొరపాటు. అందు రెండు గలవు. మోయుటలోని సౌకర్యము వహనలాఘవము. తీయుటలోని శీఘ్రత గ్రహణలాఘవము. ఎగురు పిట్టను, ఊరేగుచున్న రథమును, ఆడుకొను శిశువును జిత్రింపఁగోరువానికి రెండవదే ముఖ్యము. మీట నొక్కిన క్షణమునకును జిత్రము పడిన క్షణమునకును నడుమ నరసెకను జాగైనను విషయము చేజాఱును. తాళపత్రమో, కదలదు. దానిని జిత్రించువానికి వహనలాఘవము కావలెను, గ్రహణలాఘవముతోఁ బనిలేదు. లోకమున జరుగుచున్నది మాత్రము విపరీతముగా నున్నది. యంత్రము చిన్నదగుటచే దానిని జేతఁబట్టి నిలుచుండి చకచక తీయుట యలవాటైనది. మొదటి లాఘవము రెండవదానిని వెంటఁబెట్టుకొని వచ్చుచున్నది. దోషమంతయు నిందే కలదు.

పకారవకారముల సాక్ష్యము

ఈ దోషము పాఠమున నెట్లు పరిణమించునో చూడుఁడు. తెలుఁగులిపిలోఁ బకారమునకుఁ దలకట్టు విడిగా నుండును, వకారమునకుఁ గలిసియుండును. రెండక్షరములకు భేదము వెండ్రుకవాసి యెడము. ప్రథమమీఁది పరుషములకు గసడదవాదేశము బహుళముగా వచ్చును గనుక ‘వాఁడు పలికె’ననుటయు ‘వాఁడు వలికె’ననుటయు రెండును సాధువులే. అర్థమును బట్టి గాని, ఛందస్సును బట్టి గాని, వ్యాకరణమును బట్టి గాని యందేది కవిప్రయుక్తమో తేల్చుటకు వీలులేదు. ప్రతిలోని యా యెడమే ప్రమాణము. అది చిత్రమున మాసిపోయినచోఁ గవిప్రయోగసరణిని నిర్ణయించు సాధనము పోయినట్లే. అట్లే దకారమునకుఁ గ్రిందనుండు నొక చిన్న గీఁత దారను ధారగాఁ జేయును. ప్రకరణము చెప్పఁగలచోట నీ భేదము తెలియును, చెప్పలేనిచోటఁ దెలియదు.

ఇఁక లెక్క చూతము. నలువది సెంటీమీటరుల పొడవు, మూఁడున్నర సెంటీమీటరుల వెడల్పు గల పత్రములు 240 ఉన్న ప్రతి నొకదానిని దీసికొందము. రెండు ప్రక్కలును గలిపి 480 పుటలు. ఇరువది మెగాపిక్సెలుల చిత్రము 5,472 పిక్సెలుల పొడవును, 3,648 పిక్సెలుల వెడల్పును గలది. పత్రపుఁ బొడవు చిత్రపుఁ బొడవున నిండినచో మిల్లీమీటరునకు సుమారు 14 పిక్సెలులు వచ్చును. పత్రము సన్నము గనుక నొక్క చిత్రములో నాఱు పత్రములను వరుసగాఁ బేర్పవచ్చును. 80 చిత్రములతోఁ బని ముగియును. గంటపు గీఁత మిల్లీమీటరులో నైదవవంతు వెడల్పున్నదనుకొన్నచో దానికి మూఁడు పిక్సెలులైనను లభింపవు. గీఁతయున్నదని తెలియును, విడివడినదో, కలిసినదో నిశ్చయముగాఁ దెలియదు.

పత్రమును రెండుభాగములుగాఁ దీసినచో మిల్లీమీటరునకు 27 పిక్సెలులు వచ్చును. గీఁతకైదు లభించును, సంశయము తీఱును. కాని యప్పుడు చిత్రమున మూఁడు సగపత్రములే పట్టును. మొత్తము 320 చిత్రములు కావలెను. స్ఫుటత రెట్టింపగుటకుఁ బని నాలుగు రెట్లగుచున్నది. ఎంత మేలైన కెమెరా కొన్నను నీ నియమము తప్పదు.

వైశాల్యలోపమునకుఁ గాలము పూరకము

చిన్న ఫలకమునకు వెలుతురు తక్కువ యనుట పైని జెప్పఁబడెను. ఆ లోపమునకుఁ బరిహారము గలదు. లెన్సు నాభ్యంతరమునకును ద్వారమునకును గల నిష్పత్తి సమానమైనపుడు 864 చదరపు మిల్లీమీటరుల ఫలకము సెకనులో నఱువదవవంతునఁ గ్రహించు వెలుతురును 116 చదరపు మిల్లీమీటరుల ఫలకము సెకనులో నెనిమిదవవంతునఁ గ్రహింపఁగలదు. ఏలయన నా వైశాల్యమిందుకంటె నేడున్నర రెట్లు. ఈ కాలమందుకంటె నేడున్నర రెట్లు. విషయము కదలనిదైనచో దేశమునఁ గల కొఱఁత కాలముచేఁ దీఱును. చేయి యెంత నిలుకడగలదైనను సెకనులో నెనిమిదవవంతు కదలక యుండుట నమ్మరానిది. కాఁబట్టి చిన్న కెమెరాకుఁ జిన్న స్టాండు తప్పనిసరి. మీట నొక్కునప్పటి యదరు తగులకుండ రెండు సెకనుల యనంతరము తనంతటఁ దాను దీయు నేర్పాటును వాడవలెను. అంతేకాదు, పత్రములు వంకరపోయి యుండును. మిట్టపల్లములు రెండును ఫోకసులో నుండుటకుఁ జిన్న ఫలకమే యెక్కువ యనుకూలము. ఇది చిన్నదానికిఁ గల సహజగుణము.

మసిపూయని ప్రతులలో గీఁత కేవలము గాటు మాత్రమే. ఎదుటినుండి వెలుతురు పడినచోఁ గానరాదు. ప్రక్కనుండి యేటవాలుగాఁ బడినచో గాటునీడవలనఁ గానవచ్చును. ఆఱు పత్రములను బేర్చినచో నొక ప్రక్కనుండి వచ్చు వెలుతురు దూరపుఁ బత్రమునకు మందమగును. అట్టి ప్రతులకు శీఘ్రపద్ధతి యుచితము గాదు.

యంత్రము లేఖకుఁడైనపుడు

సెల్లుఫోనులలోని సెన్సరు చిన్నదయ్యును జిత్రములు మెఱుఁగుతో నుండుటకుఁ గారణము గణనము. యంత్రము క్షణములోఁ బెక్కు చిత్రములను దీసి కలిపి, మచ్చలను దుడిచి, యంచులకుఁ బదును పెట్టును. చూపఱకది స్ఫుటము, పరిశోధకునకది సంస్కృతపాఠము. ఉన్నదానిని జూపినదా, ఉండవలెనని తలఁచినదానిని జూపినదా యని శంకింపవలసివచ్చును. 2013లో జర్మనీ దేశమున నొక గణకశాస్త్రజ్ఞుఁడు కాగితములకు నకలుఁ దీయు కొన్ని యంత్రములు 6 అంకె నున్నచోట 8 అంకెను జూపుచున్నవని నిరూపించెను. సమానాకారములను జేర్చి చిత్రపరిమాణమును దగ్గించు పద్ధతివలనఁ గలిగిన దోషమది. అంకె మసకగా నుండినచోఁ జదువరి సందేహించును. స్పష్టముగాఁ దప్పైనచో సందేహింపఁడు. మసకపాఠముకంటె స్పష్టమైన యపపాఠమే ప్రమాదకరమనుట ప్రతులను శోధించువారికిఁ గ్రొత్త గాదు. ఈ కారణముననే సెన్సరు చెప్పిన లెక్కలను దిద్దక యుంచు ‘రా’ అను రూపమున భద్రపఱచుకొనవలెను. అది పరిమాణమునఁ బెద్దది, వ్రాయుట మందము. ఈ మందత్వము సహింపఁదగినది.

పూర్వపక్షము, సమాధానము

పత్రము కదలదు గాని పత్రస్వామి కదలును గదా యని యాక్షేపింపవచ్చును. ఇది బలమైన యాక్షేపము. కట్టను విప్పి చూపుటకే సంకోచించు గృహస్థు పూఁటంతయు నోపికతోఁ గూరుచుండునా? మూఁడువందల యిరువది చిత్రములకై పట్టుపట్టి నూటితో నిలిచిపోవుటకంటె నెనుబది చిత్రములతో సమగ్రముగాఁ దెచ్చుకొనుట మేలు కాదా? మేలే. సి.పి. బ్రౌను కడప మొదలగు తావులఁ బండితులను నియమించి ప్రతులను బోల్పించినపుడు సావకాశముగా జరిగిన పని నేఁడొక మధ్యాహ్నమున జరుగవలసియున్నది.

దీనికిఁ బరిహారము రెండు తడవలుగాఁ జేయుట. మొదటి తడవ పత్రసంఖ్యలు గనఁబడునట్లు, ప్రక్కనొక కొలబద్ద నుంచి, యాఱేసి పత్రములఁ జొప్పున గ్రంథమంతయుఁ దీయవలెను. దీనితో గ్రంథము దక్కును. వెంటనే యచ్చటనే చిత్రములను బెద్దవి చేసి చూచి, మసకబాఱినవానిని, సందిగ్ధాక్షరములు గలవానిని గుర్తించి, రెండవ తడవ వానిని మాత్రము దగ్గఱగాఁ దీయవలెను. దీనితోఁ బాఠము దక్కును. ఇంటికి వచ్చి చూచుకొనువానికి రెండవ తడవ యుండదు.

కావునఁ దేలినదేమనఁగా: కదలు విషయమునకు శీఘ్రతయే స్ఫుటత; కదలని విషయమునకు సావధానతయే స్ఫుటత. చిన్న కెమెరా పాఠపరిశోధనమునకుఁ జాలనిది గాదు. దానిని జిన్నదిగా మోసికొనిపోయి పెద్దదానివలె వాడవలెను. పకారముపైఁ దలకట్టు విడివడియున్నదని చిత్రమును జూచి నిశ్శంకముగాఁ జెప్పఁగలిగిననాఁడే యది ప్రమాణము.