పాస్‌వర్డ్ మార్చాక కూడా అడుగుతోందా? మార్చారు కాబట్టే

“మల్లా అడుగుతాంది సార్ పాస్‌వర్డ్.”
“ఎవడో హ్యాక్ చేసింటాడు. ముందు పాస్‌వర్డ్ మార్చు.”

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల లెక్కలు చూసే ఆఫీసు కానీ, జమ్మలమడుగు కాంట్రాక్టరు ఆఫీసు కానీ, పులివెందులలో కాలేజీ గుమాస్తా గది కానీ, అవుట్‌లుక్‌లో ఆ చిన్న బాక్స్ రెండోసారి తేలగానే నడిచే సంభాషణ ఇదే. వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన హెచ్చరిక దీనికి తోడవుతుంది. మార్చుతారు. మరునాడు మళ్లీ అడుగుతుంది. మళ్లీ మార్చుతారు. మూడోసారికి కొత్తది ఏమిటో మార్చినవారికే గుర్తుండదు. తీరా నెలలో పదకొండో తేదీ, ఇరవయ్యో తేదీ వచ్చేసరికి జీఎస్టీ రిటర్నులు నెత్తిమీద ఉంటాయి, నోటీసులు, ఓటీపీలు వచ్చే మెయిల్ అకౌంటేమో లాక్ అయి కూర్చుంటుంది. దీంట్లో హ్యాకర్ చేసిందేమీ లేదు. అంతా మన చేతి పనే.

ఆ బాక్స్ చెప్పేది ఒక్కటే: అవుట్‌లుక్ పంపినదాన్ని సర్వర్ ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో అది చెప్పదు. పాస్‌వర్డ్ తెలిసిన దొంగ మీ స్క్రీన్ మీద బాక్స్ తెరిచి తన రాక చాటుకోడు. చడీచప్పుడు లేకుండా లోపలికొచ్చి మెయిళ్లు చదువుకుని పోతాడు. “వాడే పాస్‌వర్డ్ మార్చేసి ఉంటే?” అంటారా, అది తేలడానికి నిమిషం చాలు. బ్రౌజర్ తెరిచి, చిరునామా మీరే టైప్ చేసి, వెబ్‌మెయిల్‌లోకి అదే పాస్‌వర్డ్‌తో వెళ్లండి. తెరుచుకుందా? అయితే పాస్‌వర్డ్ మారలేదు, తప్పు కాదు, ముట్టుకోవద్దు. జబ్బు కంప్యూటర్లోనో ఫోన్లోనో ఉంది. ఈ ఒక్క పని చేయకుండా పాస్‌వర్డ్ మార్చేవాళ్లతో వాదించే ఓపిక నాకు ఎప్పుడో పోయింది.

మార్చితే జబ్బు ఎందుకు ముదురుతుందో చూడండి. ఒక ఆఫీసు మెయిల్ పాస్‌వర్డ్ ఎన్నిచోట్ల దాచి ఉంటుంది? టేబుల్ మీది కంప్యూటర్, యజమాని ఫోన్, ఆయన ఇంట్లోవాళ్లకు ఇచ్చేసిన పాత ఫోన్, కాగితాలు స్కాన్ చేసి నేరుగా మెయిల్ పంపే జిరాక్స్ మెషిన్, బిల్లులు పంపే సాఫ్ట్‌వేర్. మీరు ఒకచోట మార్చారు. మిగతావన్నీ పాతదాన్నే సర్వర్‌కు పంపుతూ ఉంటాయి, అదీ అడక్కుండా, నిమిషాల తేడాతో, రాత్రింబవళ్లు. సర్వర్ లెక్క పెట్టుకుంటుంది. ఇన్నిసార్లు తప్పు వస్తే అకౌంట్ కాసేపు మూసేయాలని చాలాచోట్ల నిబంధన ఉంటుంది. అలా మూసి ఉన్న సమయంలో మీరు సరైన పాస్‌వర్డ్ కొట్టినా బాక్స్ మళ్లీ వస్తుంది. “చూశారా, కొత్తది కూడా పట్టేశాడు” అంటారు పక్కనున్నవారు.

ఆ పాత పాస్‌వర్డ్ ఆఫీసు గడప దాటి కూడా పోవచ్చు. ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ 2008లో వచ్చింది. చుట్టుపక్కల ఎవరి ఇంట్లోనైనా అక్కడ చదివే పిల్లలుంటే, మెయిల్ మొరాయించినప్పుడు సెలవులకు వచ్చిన ఆ అబ్బాయికో అమ్మాయికో కబురు వెళ్లడం మామూలే. పిల్లలను తప్పు పట్టను, వాళ్లకు తెలిసినంత చేస్తారు. పరీక్షగా ఆఫీసు అకౌంట్‌ను తమ ఫోన్లో పెట్టి చూస్తారు, పని చేస్తుంది, అందరూ సంతోషిస్తారు. ఆ అకౌంట్ తీసేయడం మరిచి హాస్టల్‌కు తిరిగి వెళ్తారు. పై నెల ఆఫీసులో పాస్‌వర్డ్ మారిందనుకోండి, హాస్టల్ గదిలోని ఆ ఫోన్ పాతదాన్నే పంపుతూ ఉండొచ్చు. ఇక్కడ అకౌంట్ ఎందుకు లాక్ అవుతోందో ఎవరికీ అంతుపట్టదు.

ఇంకో రకం ఉంది, మన చిన్న ఊళ్లలో ఎక్కువగా చూసేది. సొంత పేరుతో వెబ్‌సైట్ కొని, దాంతోపాటే వచ్చిన చవక హోస్టింగ్ మెయిల్ వాడే ఆఫీసులు. అలాంటి సర్వర్లు చాలావరకు తప్పు పాస్‌వర్డ్‌లు ఎక్కువైతే అకౌంట్‌ను కాదు, ఆ ఇంటర్నెట్ లైన్‌నే అడ్డుకుంటాయి. ఆఫీసు మొత్తానికి బ్రాడ్‌బ్యాండ్ ఒక్కటే. అంటే ఒక మూలన ఒకరి ఫోన్లో మిగిలిపోయిన పాత పాస్‌వర్డ్ వల్ల ఆఫీసులో అందరి మెయిలూ ఒకేసారి ఆగిపోతుంది. అందరికీ ఒకేసారి వచ్చింది కాబట్టి ఇది కచ్చితంగా పెద్ద హ్యాకింగే అని తీర్మానించి అందరి పాస్‌వర్డ్‌లూ మార్చేస్తారు. తప్పు పాస్‌వర్డ్ పంపే ఫోన్లు ఒకటి నుంచి పదవుతాయి. దీన్ని పట్టడం చాలా తేలిక: వైఫై ఆపి, ఫోన్ డేటాతో హాట్‌స్పాట్ పెట్టి అదే కంప్యూటర్లో మెయిల్ తెరవండి. తెరుచుకుంటే అడ్డు లైన్ మీద ఉంది. హోస్టింగ్ వాళ్లకు ఫోన్ చేసి మీ లైన్ ఐపీ అన్‌బ్లాక్ చేయమనండి, కానీ అంతకంటే ముందు ఆ పాత ఫోన్‌ను పట్టుకోండి. లేకపోతే సాయంత్రానికి మళ్లీ అదే కథ.

వెబ్‌మెయిల్ తెరుచుకుని అవుట్‌లుక్ ఒక్కటే మొండికేస్తే, విండోస్‌లో దాచిన పాత పాస్‌వర్డ్ మీద అనుమానపడాలి. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ ఉంటుంది. అవుట్‌లుక్ మూసేసి, అక్కడ విండోస్ క్రెడెన్షియల్స్ కింద ఆఫీస్ పేరుతోనో మీ మెయిల్ సర్వర్ పేరుతోనో ఉన్నవి తీసేసి, మళ్లీ తెరిచి ఒక్కసారి సరిగ్గా కొట్టండి. ‘రిమెంబర్’ టిక్కు పెట్టినా ఎందుకు అడుగుతుందని వాపోయేవారికి జవాబు కూడా ఇక్కడే ఉంది. అది గుర్తుపెట్టుకుంది, తప్పుదాన్ని.

జీమెయిల్‌ను పాత అవుట్‌లుక్‌లో వాడేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాళ్లు వాడేది అసలు పాస్‌వర్డ్ కాదు, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టాక గూగుల్ ఇచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్. అసలు పాస్‌వర్డ్ మార్చిన క్షణంలో గూగుల్ ఆ యాప్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దు చేస్తుంది. ‘సేఫ్టీ కోసం’ మార్చారు, అవుట్‌లుక్, స్కానర్, బిల్లింగ్ అన్నీ ఒకే గంటలో పడుకున్నాయి. ఆ తర్వాత కొత్త పాస్‌వర్డ్‌ను పదిసార్లు కొట్టినా ఏం లాభం? అక్కడ కావాల్సింది కొత్తగా తీసుకున్న 16 అక్షరాలు.

‘తప్పు మాది కాదు, అవుట్‌లుక్‌దే’ అనేది గుమాస్తాల మరో మాట. ఎక్కువసార్లు అది సోమరుల సాకు. అయినా ఒప్పుకోక తప్పని సంగతులు రెండున్నాయి. గూగుల్ 2022 మే 30 నుంచి మామూలు అకౌంట్లకు, మైక్రోసాఫ్ట్ 2022 అక్టోబర్ నుంచి తన ఆఫీసు మెయిళ్లకు, ఉత్త పేరూ పాస్‌వర్డూ పంపి లోపలికొచ్చే పాత పద్ధతిని మూసేస్తూ వచ్చాయి. అవుట్‌లుక్ 2010కి కొత్త పద్ధతి రాదు. 2013కి సెట్టింగ్ మారిస్తే తప్ప రాదు, అదీ మైక్రోసాఫ్ట్ మెయిల్‌కే. కానీ ఆ ముసలి అవుట్‌లుక్ ‘నాకు వయసైపోయింది, నన్ను మార్చండి’ అని చెప్పదు. నూటికి నూరుపాళ్లు సరైన పాస్‌వర్డ్ కొట్టినా అదే బాక్స్ మళ్లీ మళ్లీ తెరుస్తుంది. రెండోది కొత్త వెర్షన్ల చేష్ట. ఆఫీసు మెయిల్ వేరే సర్వర్లో ఉండి, అదే చిరునామాతో వర్డ్, ఎక్సెల్ కోసం మైక్రోసాఫ్ట్ 365 కూడా కొని ఉంటే, అవుట్‌లుక్ ముందుగా మైక్రోసాఫ్ట్ దగ్గరికే వెళ్లి అక్కడి పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరు కొట్టేది మీ మెయిల్ సర్వర్‌ది. దీనికి విరుగుడు విండోస్ రిజిస్ట్రీలో ఉంది, తెలిసినవారి చేతనే చేయించుకోండి. ఈ రెండు సందర్భాల్లో మాత్రం గుమాస్తా గెలిచాడు, నేను ఓడాను.

మరి హ్యాకింగ్ భయం పూర్తిగా ఉత్తదేనా? కాదు. కాకపోతే జనం భయపడే చోట అది లేదు. అవుట్‌లుక్ దానంతట అది తెరిచే బాక్స్‌కు వణికిపోయే మనిషే, ‘మీ మెయిల్‌బాక్స్ పాస్‌వర్డ్ 24 గంటల్లో ముగుస్తుంది, ఇక్కడ నొక్కండి’ అన్న మెయిల్ వస్తే నిశ్చింతగా నొక్కి, వచ్చిన పేజీలో పాస్‌వర్డ్ కొట్టేస్తాడు. ఆ పేజీ ‘తప్పు, మళ్లీ కొట్టండి’ అంటుంది. రెండోసారీ కొడతాడు. సరైనది దొరికిందో లేదో ఖాయం చేసుకోవడానికి దొంగలు వేసే ఎత్తు అది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మెయిల్‌కు రక్షణగా తెచ్చిన ‘కవచ్’ యాప్‌కే 2022లో నకిలీలు తయారు చేసి వదిలారంటే వీళ్ల తెగింపు అర్థం చేసుకోవచ్చు. లింకు మీద నొక్కి పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే, అప్పుడు మార్చండి, ఆ నిమిషమే మార్చండి. అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేయండి. మీ మెయిళ్లు ఇంకెవరికైనా ఫార్వర్డ్ అయ్యేలా రూల్ పెట్టి ఉందేమో సెట్టింగ్స్‌లో చూడండి. డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్ చేయండి. అంతేగానీ గూగుల్‌లో ‘అవుట్‌లుక్ కస్టమర్ కేర్’ అని వెతికి దొరికిన నంబరుకు చేయొద్దు. అవతలివాడు మీ కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే ఎనీడెస్క్ పెట్టుకోమన్నాడంటే మీరు కొత్త దొంగ చేతికి చిక్కినట్టే.

మిగతా నమ్మకాలకు తలా ఒక మాట చాలు. నెలనెలా మారిస్తే భద్రం: అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఆ అలవాటు వద్దని 2017లోనే చెప్పింది, లీకైందని తెలిసినప్పుడే మార్చమంది. యాంటీవైరస్ వేస్తే బాక్స్ రాదు: సంబంధం లేదు. నెట్ స్లో వల్ల అడుగుతుంది: లైన్ తెగినప్పుడు అప్పుడప్పుడు అడుగుతుంది, రోజూ కాదు. మెల్లగా కొడితే తీసుకుంటుంది: తీసుకోదు, కానీ కీబోర్డు తెలుగులో ఉండిపోయిందేమో చూసుకోండి. పాస్‌వర్డ్ బాక్స్‌లో కనిపించే చుక్కలకు భాష తెలియదు, నోట్‌ప్యాడ్‌లో ఒకసారి కొట్టి, కళ్లతో చూసి, సేవ్ చేయకుండా మూసేయండి. కంప్యూటర్ గడియారం కూడా చూడండి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు సెల్ అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, తేదీ తప్పైతే భద్రమైన కనెక్షన్ కుదరదు. దాని మందు ఆ చిన్న సెల్ మార్చడమే.

చివరికి సీపీయూ భుజాన వేసుకుని అంగడికి పోయి ‘ఫార్మాట్ కొట్టించడం’. బాక్స్ నిజంగానే పోతుంది, దాంతోపాటు మెయిళ్లూ పోవచ్చు. మీ అకౌంట్ పాప్ పద్ధతిలో ఉంటే, సర్వర్లో కాపీ ఉంచమని చెప్పి ఉండకపోతే, ఏళ్ల నాటి మెయిళ్లన్నీ ఆ కంప్యూటర్లోని ఒక పీఎస్టీ ఫైల్లో మాత్రమే ఉంటాయి. ఐమ్యాప్ అయితే సర్వర్ నుంచి మళ్లీ దిగుతాయి. మీది ఏదో అవుట్‌లుక్ అకౌంట్ సెట్టింగ్స్‌లో పేరు పక్కనే రాసి ఉంటుంది. పాప్ అని ఉంటే, అవుట్‌లుక్ మూసేసి ఆ పీఎస్టీని బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ కాపీ తెరుచుకుంటోందో లేదో వేరే కంప్యూటర్లో చూసుకున్నాకే అంగడి అబ్బాయికి సీపీయూ ఇవ్వండి. ‘సీ డ్రైవే కదా సార్ కొట్టేది, మీ డేటా డీలో ఉంటుంది’ అని అతనంటాడు. అవుట్‌లుక్ ఆ ఫైల్‌ను మామూలుగా పెట్టేది సీ డ్రైవ్‌లోనే.